మా అమ్మ బైబిల్ వెనక పేజీలో "బాకీ 404" అని రాసి ఉంది

పరకాల_తమ్ముడు (హన్మకొండ), రాత్రి 9:40

అందరికీ వందనాలు. మా ఇంట్లో మూడు తరాలుగా క్రైస్తవులం. ఎవరో బయటి మనిషి సంఘాన్ని తిడుతున్నాడని అనుకోవద్దని ముందే చెబుతున్నాను.

పోయిన వారం ఊరికెళ్ళాను. అమ్మ బైబిల్ అట్ట ఊడిపోతుంటే ఫెవికాల్ పెట్టి అతికిద్దామని చేతిలోకి తీసుకున్నా. వెనక ఖాళీ పేజీ నిండా పెన్సిల్ లెక్కలున్నాయి. "పింఛను 2016 – 202. పత్తి ఏరిన కూలి 1750 – 175. కోళ్ళు 600 – 60." అమ్మ చదివింది ఐదో తరగతి. మందిరానికి ఇచ్చే దశమభాగం, అంటే పింఛనులో పదో వంతు, 201 రూపాయల 60 పైసలు వస్తుందని పక్కన భాగహారం చేసి మరీ రాసుకుంది. పైసలు ఎక్కువై పోవాలే గానీ తక్కువ కాకూడదని 202 చేసింది.

దాని కింద రెండు నెలలు ఏమీ లేదు. అప్పుడు చికున్‌గున్యా వచ్చి మంచం దిగలేదు, పింఛను మందులకే పోయింది. ఆ రెండు నెలలకు "బాకీ 404" అని రాసి గీత గీసి ఉంది. ఆఖరి వరుస ఇది: "తాడు పెట్టి 40000. విత్తనం 10000."

నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఆ పుస్తెలతాడు గుర్తుగా దాచుకుంటుందనుకున్నాం. దాన్ని బ్యాంకులో కుదువబెట్టి, తమ్ముడికి గల్ఫ్ వీసా రావాలని పది వేలు "విశ్వాస విత్తనం" వేసిందట. దేవునికిచ్చిన డబ్బు పంటలా ఎన్నో రెట్లు తిరిగొస్తుందని చెప్పి అడిగే కానుక అది. మిగతా డబ్బు ఏజెంటుకు పోయింది. వీసా రాలేదు.

వాళ్ళ మందిరంలో ప్రతి నెలా కవర్లు పంచుతారు. కవరు మీద పేరు, మొత్తం, ప్రార్థన మనవి రాయాలి. మొదటి ఆదివారం మైకులో పేర్లూ మొత్తాలూ చదువుతారు. ఇవ్వనివాడు దేవుని సొమ్ము దొంగిలించినవాడు, అందుకే ఇంట్లో రోగాలు అని పాస్టరు అయ్యగారు చెబుతారట. అమ్మకు చికున్‌గున్యా అందుకే వచ్చిందని అమ్మ నిజంగా నమ్ముతోంది.

ఇవ్వడం తప్పని నేను అనట్లేదు. నాకూ ఇచ్చే అలవాటుంది. కానీ ఆ "బాకీ" అనే మాట చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. ఆమెకు ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు రాయండి.

సింగరేణి_సాక్షి (భూపాలపల్లి), రాత్రి 10:15

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ జర జాగ్రత్త. అమ్మ విశ్వాసం మీద చెయ్యి వేయకు. నేను గనిలో పనిచేస్తాను. పద్నాలుగేళ్ళుగా జీతంలో, దసరాకు వచ్చే లాభాల వాటాలో పదో వంతు ముందే తీసి పక్కన పెడతాను. ఒక్కనాడు కూడా తక్కువ కాలేదు. మలాకీ 3:10లో "పదో వంతు తెండి, నన్ను పరీక్షించి చూడండి" అని దేవుడే అన్నాడు. బైబిల్లో ఉన్నదాన్ని చెబితే పాస్టరుది తప్పెలా అవుతుంది?

కోరుట్ల_అక్క (కోరుట్ల), రాత్రి 10:50

అన్నా, మీకు నెల నెలా జీతం పడుతుంది. గని మీద ఆసుపత్రి ఉంది, క్వార్టరు ఉంది. పది తీసినా 90 మిగిలే ఇంట్లో పదికీ, పూట గడవని ఇంట్లో పదికీ తేడా లేదా?

మా అమ్మ బీడీలు చుడుతుంది. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని తెల్లారి కూర్చుంటే సాయంత్రానికి మెడ తిరగదు. వెయ్యి బీడీలు కడితే వచ్చే కూలిలోంచి కూడా దశమభాగం తీసేది. మా అన్నయ్యకు కిడ్నీ జబ్బు చేసినప్పుడు డయాలసిస్ ఖర్చులకు డ్వాక్రా లోను తెచ్చాం. అందులోంచి ఏడు వేలు "స్వస్థత విత్తనం" కింద పోయాయి. అన్నయ్య దక్కలేదు. దినాల కూడికలో ఒక సేవకుడు "ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది" అన్నాడు. మా అమ్మ ఆ మాట తన గురించే అనుకుంది. ఆరేళ్ళయింది, ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.

డబ్బు పోతే మళ్ళీ సంపాదిస్తాం. కొడుకును నేనే చంపుకున్నానేమో అనే ఆలోచన ఆమెకు పెట్టిపోయారు, అది ఎవరు తీస్తారు?

చర్చ_పెద్ద (నిర్వాహకులు), రాత్రి 11:05

సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు, ఊళ్ళ ఆనవాళ్ళు రాయకండి. ఇతర మతాల వాళ్ళు వచ్చి మతాన్ని తిట్టడానికి దీన్ని వాడుకుంటే ఆ పోస్టులు తీసేస్తాం. ఇప్పటికే రెండు తీసేశాం.

డోర్నకల్_మాస్టారు (మహబూబాబాద్ జిల్లా), మరుసటి ఉదయం 6:20

నాయనా పరకాల తమ్ముడూ, తెల్లవారుజామున లేచి నీ పోస్టు చదివాను. నేను రిటైర్డ్ టీచర్ని, ముప్పై ఏళ్ళు సండే స్కూలు కూడా నడిపాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మలాకీ మూడో అధ్యాయం అందరూ ఎనిమిదో వచనం దగ్గర మొదలుపెడతారు. దొంగతనం మాట అక్కడుంది. మూడు వచనాలు పైకి వెళ్ళి ఐదో వచనం చదవండి. కూలివాడి కూలి బిగబట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనూ తండ్రిలేని వాళ్ళనూ బాధపెట్టేవాళ్ళ మీద సాక్ష్యం చెప్పడానికి నేను త్వరగా వస్తున్నానని దేవుడు అక్కడ అంటాడు. అదే అధ్యాయం, అదే ప్రవక్త. రెండో అధ్యాయం మొదలయ్యేదే "యాజకులారా" అనే పిలుపుతో. జనాన్ని దారి తప్పించారని ముందు చీవాట్లు తిన్నది వాళ్ళు. అమ్మ మందిరంలో ఇవన్నీ చదివి ఆ తర్వాత పదో వచనం చదివారా?

ఇక దశమభాగం అసలు ఎవరికి పోయేది? సంఖ్యాకాండం 18లో దేవుని సేవ చేసే లేవీయుల గోత్రానికి ఇమ్మన్నాడు, ఎందుకంటే మిగతా గోత్రాలకు భూమి పంచారు గానీ వాళ్ళకు పంచలేదు. సెంటు భూమి లేనివాళ్ళకు భూమి ఉన్నవాళ్ళు పంటలో పెట్టే వాటా అది. ఇచ్చేది ధాన్యం, ద్రాక్షారసం, నూనె, మందలో పదోది. ద్వితీయోపదేశకాండం 14 ఇంకా స్పష్టం. అక్కడ దశమభాగం తెచ్చినవాడే ఇంటిల్లిపాదితో దేవుని సన్నిధిలో కూర్చొని తినాలి, సంతోషించాలి. దారి దూరమైతే పంట అమ్మి, ఆ వెండి పట్టుకెళ్ళి, అక్కడ తనకు ఇష్టమైనది కొనుక్కొని తినమన్నాడు. మూడో ఏడు వచ్చేసరికి దాన్ని ఊళ్ళోనే ఉంచాలి. లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు వచ్చి కడుపునిండా తినాలి. ఆ వచనాల ప్రకారం చూస్తే మీ అమ్మ ఆ పంక్తిలో కూర్చొని తినాల్సిన మనిషి. ఆమె దగ్గరే వసూలు చేస్తున్నారు.

అబ్రాహాము ఇచ్చాడు కదా అంటారు. ఆయన షాలేము రాజూ యాజకుడూ అయిన మెల్కీసెదెకుకు ఇచ్చినట్టు చెప్పింది ఒక్కసారి, యుద్ధంలో దొరికిన సొమ్ములోంచి. నెల నెలా ఇచ్చినట్టు ఆదికాండంలో లేదు. యేసు మత్తయి 23లో పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టే పరిసయ్యులతో మాట్లాడుతూ, వాటిని మానమనలేదు గానీ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారని మందలించాడు. పౌలు 2 కొరింథీ 9లో సణుగుతూ కాదు, బలవంతంగా కాదు, ఎవరి మనసులో ఎంత అనుకుంటే అంత ఇమ్మన్నాడు. ఆ కానుకలు పోగుచేసింది యెరూషలేములో బీదగా ఉన్న విశ్వాసుల కోసం.

మా డోర్నకల్ సంగతి కూడా చెప్పాలి. వి. ఎస్. అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఇక్కడ సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల కూలీలు. విదేశీ మిషన్ల డబ్బు మీద సంఘం బతకకూడదు, మన కాళ్ళ మీద మనం నిలబడాలని ఆయన వాళ్ళకు ఇచ్చే అలవాటు నేర్పారు. బీదవాళ్ళను ఇవ్వమనడం తప్పని నేను అననిది అందుకే. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి పోయేది. ఇంట్లో బియ్యం లేని రోజు కుండలో కూడా పడేవి కావు. ఆ రోజుకు బాకీ అని ఎవరూ రాసుకోలేదు. కోత పండుగకు గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, కోడిపుంజు తెచ్చేవాళ్ళం. ఎవరు ఎంత తెచ్చారని మైకులో చదవడం నేను చూడలేదు.

సింగరేణి_సాక్షి, ఉదయం 8:05

మాస్టారూ, వందనాలు. ఐదో వచనం నేను చాలాసార్లు చదివే ఉంటాను. పదో వచనంతో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు, అది ఒప్పుకుంటున్నా. అయినా నా సందేహం నాకుంది. ఇవ్వాల్సిన పని లేదని చెబితే మనుషులు పూర్తిగా మానేస్తారు. బీదరాలు రెండు కాసులు వేస్తే యేసు మెచ్చుకున్నాడు కదా, వద్దమ్మా తీసుకెళ్ళు అనలేదే?

డోర్నకల్_మాస్టారు, ఉదయం 8:40

మంచి ప్రశ్న వేశావు నాయనా. లూకా 21 మొదటి నాలుగు వచనాలు అవి. వాటికి ముందు 20వ అధ్యాయం ఆఖర్లో ఏముంది? విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగుతూ, పైకి దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల విషయంలో, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళ విషయంలో, జాగ్రత్త అంటాడు. ఆ మాట నోట్లో ఉండగానే తలెత్తి ఈమెను చూశాడు. ఆమె మనసును తప్పకుండా మెచ్చుకున్నాడు. ఆ వెంటనే ఆ మందిరం రాయి మీద రాయి నిలవకుండా పోతుందన్నాడు. ఆ రెండు కాసుల కథ పెట్టి విధవరాళ్ళ దగ్గర వసూలు చేయడానికి నాకైతే చేతులు రావు.

మిర్చి_తోట (నర్సంపేట), ఉదయం 9:30

నేను బైబిల్ పండితుణ్ణి కాను, రైతును. "విత్తనం" అని వీళ్ళు వాడే మాట మీద నాకు చాలా కోపం ఉంది, అందుకే రాస్తున్నా.

విత్తనం అంటే ఏమిటో మాకు తెలుసు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటలు ఎలా పోయాయో ఈ చుట్టుపక్కల రైతును ఎవరినైనా అడగండి. పువ్వులోనే దూరేది. మందు మీద మందు కొట్టాం, ఏం లాభం లేకపోయింది. మా మేనమామ ఎకరంన్నర తోట దున్నేశాడు. ఆయన దశమభాగం ఇచ్చే మనిషే, ఉపవాసాలు ఉండే మనిషే. పక్క చేను వాళ్ళు ఏ గుడికీ పోరు, వాళ్ళదీ పోయింది. పురుగు ఎవరి చేనో చూసి రాలేదు.

ఇంకోటి. విత్తనాలు కొన్నప్పుడు మాకు బిల్లు ఇస్తారు. బిల్లు, ఖాళీ ప్యాకెట్ దాచుకోమని వ్యవసాయాధికారి చెబుతాడు. మొలక రాకపోతే అవి పట్టుకెళ్ళి ఫిర్యాదు చేస్తాం, పరిహారం అడుగుతాం. ఈ పది వేల విత్తనం మొలవకపోతే అమ్మ ఎవరిని అడగాలి? అడిగితే "నీ నేల మంచిది కాదు" అంటారు. విత్తనం అమ్మినవాడు ఏనాడూ తప్పు ఒప్పుకోడు. ఎనుమాముల మార్కెట్లో ఏ కమీషన్ వ్యాపారి కూడా రైతుతో ఇలా మాట్లాడి బయటపడలేడు.

ఖని_కుర్రాడు (గోదావరిఖని), మధ్యాహ్నం 1:10

ఈ "విత్తనం వేస్తే వందంతలు" బోధ మన పాత సంఘాల్లో ఉన్నది కాదు. నేను కొంత చదివాను. అమెరికాలో ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867–1948) రాతల్లో విశ్వాసంతో నోటితో పలికింది జరుగుతుందనే ఆలోచన ఉంది. దాన్ని తర్వాత కెన్నెత్ హేగిన్ (1917–2003) బాగా వ్యాప్తి చేశాడు. దేవునికి డబ్బు విత్తితే తిరిగి పంటలా వస్తుందనే మాటను టీవీలో ప్రచారం చేసింది ఓరల్ రాబర్ట్స్. శాటిలైట్ చానళ్ళు వచ్చాక అదే పద్ధతి మన దగ్గరికి కూడా చేరింది. ఇప్పుడు ఫోన్లో వస్తోంది, కింద క్యూఆర్ కోడ్ పెట్టి.

అక్కడి క్రైస్తవులే దీన్ని గట్టిగా తప్పుపట్టారు. 2007లో అమెరికా సెనేటర్ చక్ గ్రాస్లీ ఆరు టీవీ పరిచర్యలను డబ్బు లెక్కలు చూపమని అడిగాడు. 2010లో కేప్ టౌన్‌లో లోజాన్ అనే సువార్తిక ఉద్యమం పెట్టిన మహాసభకు ప్రపంచం నలుమూలల నుంచీ సువార్తికులు వచ్చారు. వాళ్ళ ప్రకటనలో ఈ ఐశ్వర్య బోధను పేరు పెట్టి తిరస్కరించారు. ఈ బోధకు పేరుపడ్డ టీవీ బోధకుడు బెన్నీ హిన్ కూడా 2019లో ఇకపై ఫలానా మొత్తం విత్తనం వేయమని అడగనని చెప్పాడు. అంటే ఇది క్రైస్తవ విశ్వాసం మీద బయటివాళ్ళు వేస్తున్న నింద కాదు. సంఘం తనను తాను సరిచేసుకునే మాట.

వాళ్ళు ఎత్తే వచనం 3 యోహాను 2, అన్నిటిలో వర్ధిల్లాలని ఉంటుంది. అది ఉత్తరం మొదట్లో యోహాను గాయును క్షేమం కోరి రాసిన మాట. మనం "అందరూ బాగున్నారని తలుస్తాను" అని రాసినట్టు. దాన్ని బ్యాంకు హామీలా చూపిస్తున్నారు.

ఏటూరునాగారం_కాపరి (ములుగు జిల్లా), సాయంత్రం 5:45

నేను పాస్టరుని. నిన్నటి నుంచీ చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను.

మా సంఘంలో 38 మంది. ఎక్కువ మంది కోయ కుటుంబాలు, కొందరు మిర్చి కూలీలు. ఆదివారం కానుక ఒక్కోసారి 300, ఒక్కోసారి 700. నాకు ఒక డొక్కు బైకు ఉంది. నా భార్య అంగన్‌వాడీలో ఆయా, ఆమె జీతం మీదే పిల్లల ఫీజులు గడుస్తాయి. తునికాకు సీజన్లో సంఘం అంతా అడవికి పోతే నేనూ పోతాను. పౌలు డేరాలు కుట్టుకున్నాడు, నేను ఆకు కోస్తే తప్పేముంది? సువార్త చెప్పేవాడు దాని మీద బతకవచ్చని 1 కొరింథీ 9లో ఉన్నది కూడా నిజమే. ఎవరైనా చిక్కుడుకాయలు, కోడిగుడ్లు తెచ్చి ఇస్తే కన్నీళ్ళతో తీసుకుంటాను.

మీ అందరినీ ఒకటి అడగాలి. ఇలాంటి చర్చలు వాట్సాప్‌లో తిరిగాక మొదట ఆగేది మా కానుకలే. పెద్ద స్టేజీ, పెద్ద కారు ఉన్నవాళ్ళకు ఒక్క రూపాయి తగ్గదు. నెహెమ్యా 13 చదవండి, వాటాలు ఇవ్వకపోతే లేవీయులు పొలాలకు పారిపోయారు. మా జిల్లాలో నాకు తెలిసి ఇద్దరు సేవ వదిలి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డులుగా చేరారు.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం ఒక పట్టణంలో సేవకుల సదస్సుకు వెళ్ళాను. విత్తనం గురించి బోధిస్తే సంఘం పెరుగుతుందని నేర్పారు. తిరిగొచ్చి రెండు ఆదివారాలు అలాగే బోధించాను. రెండో ఆదివారం ఒక ముసలమ్మ మేకపిల్లను తోలుకొచ్చి మందిరం గుంజకు కట్టింది. ఆమెకున్నవి రెండే మేకలు. ఆ రాత్రి అది అరుస్తూనే ఉంది, నాకు నిద్ర రాలేదు. పొద్దున్నే దాన్ని భుజాన వేసుకొని వాళ్ళింటికి వెళ్ళి దించాను. ఆమె తీసుకోనంది, దేవునికిచ్చింది వెనక్కి తీసుకుంటే పాపం తగులుతుందని భయపడింది. ఆ భయం నేను పెట్టిందే. దాన్ని పోగొట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

సింగరేణి_సాక్షి, సాయంత్రం 6:30

అయ్యగారూ, మీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను. నేను దశమభాగం మానను, అది నా తీర్మానం. కానీ ఇవ్వని వాళ్ళను దొంగలనడం ఇక నా నోటి వెంట రాదు. మా యూత్ కూడికలో రెండుసార్లు అన్నాను ఆ మాట.

కాజీపేట_లెక్కలు (కాజీపేట), రాత్రి 8:15

నేను చిన్న అకౌంటెంటుని, రెండు సంఘాలకు లెక్కలు రాస్తాను. పనికొచ్చే మాట చెబుతాను.

సంఘం సొసైటీగా రిజిస్టర్ అయితే, 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి జమాఖర్చులు సభ్యుల ముందు ఉంచాలి. ట్రస్టు అయితే ట్రస్టు డీడ్‌లో ఏముందో అడగండి. చాలా చోట్ల క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాస్టరు పేరో, వాళ్ళ అబ్బాయి పేరో వస్తుంది. అక్కడే ఆగండి. డబ్బు సంఘం పేరున ఉన్న ఖాతాకే పోవాలి, ఇద్దరు సంతకం పెడితేనే బయటికి రావాలి. నేను లెక్కలు రాసే ఒక సంఘంలో ప్రతి మూడు నెలలకూ ఒక చార్టు మీద రాసి గోడకు అంటిస్తారు. కరెంటు బిల్లు ఎంత, పాస్టరు గారి జీతం ఎంత, విధవరాళ్ళకు బియ్యం ఎంత. అక్కడ కానుకలు తగ్గలేదు. అడిగినవాడిని తిరుగుబాటుదారుడు, మోషే మీద తిరగబడ్డ కోరహు సంతానం అని ముద్ర వేసే చోట మాత్రం ఎంత ప్రార్థన జరిగినా నాకు అనుమానమే. పౌలు 2 కొరింథీ 8లో కానుక మోసుకెళ్ళేటప్పుడు ఎవరూ నింద వేయకుండా మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని మరికొందరిని తోడు తీసుకున్నాడు. పౌలుకే లెక్క చెప్పాలనిపించింది.

పరకాల_తమ్ముడు, మూడో రోజు రాత్రి 9:20

అందరికీ పేరు పేరునా వందనాలు. ఈ రోజు ఊరికి వెళ్ళొచ్చాను.

అమ్మతో వాదన పెట్టుకోలేదు. రాత్రి అన్నాలు తిన్నాక, మాస్టారు చెప్పిన ద్వితీయోపదేశకాండం 14 ఆమె బైబిల్లోనే తీసి చదివాను. విధవరాలు అనే మాట దగ్గర "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "పోయిన నెల ఎదురింటి ఎల్లవ్వకు కాలు విరిగితే ఆటోకు రెండు వందలిచ్చిన. గది లెక్కలకొస్తదా?"

వస్తుందమ్మా అన్నాను. పెన్సిల్ అడిగి తీసుకొని, "బాకీ 404" పక్కన "ఎల్లవ్వ 200" అని రాసింది. బాకీ కొట్టేయమంటే ఒప్పుకోలేదు. ఇంకా 204 ఉందంది. మలాకీ ఐదో వచనం చదువుదామనుకున్నా గానీ ఆమె అప్పటికే అలిసిపోయింది.

ఈ నెల కవరు అలమరలో ఉంది, ఇంకా ఏమీ పెట్టలేదు. ఆదివారం పేర్లు చదివేటప్పుడు తన పేరు రాకపోతే అందరూ ఏమనుకుంటారో అని టెన్షన్ పడుతోంది. నేను కూడా తోడు వెళ్తాను.

కోరుట్ల_అక్క, రాత్రి 9:45

తమ్ముడూ, ఆదివారం ఆమె పక్కనే కూర్చో. కాపరి గారూ, మీకు వీలైతే మా అమ్మతో ఒకసారి ఫోన్లో మాట్లాడతారా? నా మాట ఆమె వినదు. పాస్టరు నోటితో వింటే నమ్ముతుందేమో.

ఏటూరునాగారం_కాపరి, రాత్రి 10:10

తప్పకుండా మాట్లాడతానమ్మా. నంబరు ఇక్కడ పెట్టకు, నిర్వాహకులకు పంపు. ఇక్కడ కొండ మీదికి వెళ్తేనే సిగ్నల్, సాయంత్రం ఆరు తర్వాత చేస్తాను.

కాజీపేట_లెక్కలు, రాత్రి 10:30

పరకాల తమ్ముడూ, తాడు కుదువబెట్టిన బ్యాంకు రసీదు ఎక్కడుందో అమ్మను అడుగు. దాని మీద గడువు తేదీ ఉంటుంది. గడువు దాటితే నోటీసిచ్చి వేలం వేస్తారు. అసలు కట్టలేకపోతే వడ్డీ కట్టి తిరగరాయించే వీలుందేమో బ్యాంకులో అడుగు. తేదీ చూసి ఇక్కడ చెప్పు.